నాలుగు వేళ్ళ సందు

అంకులి, బరంపురం
మార్చి

అప్పా,

ముందు క్షేమసమాచారాలు. అమ్మ బాగుంది. నేను బాగున్నాను. కారు బాగోలేదు.

కంగారుపడకు, ఎక్కడా గుద్దలేదు. ఫోన్‌లోనే చెబుదును గానీ, "ఫోన్ అన్నం తిన్నావా అని అడగడానికే. అసలు సంగతి ఏదైనా ఉంటే తెలుగులో ఉత్తరం రాయి, లేకపోతే ఒడియా బడిలో చదివినవాడివి, వచ్చిన నాలుగు అక్షరాలూ మర్చిపోతావు" అని నీ పెళ్ళి అప్పగింతల రోజునే అక్క హోదాలో ఆర్డరు వేసి పోయావు కదా. అందుకే రాస్తున్నాను. అమ్మ ఇచ్చిన అప్పడాల కట్టతో పాటు దీన్ని పొలసర బస్సు కండక్టరు చేతిలో పెడుతున్నాను.

సంగతేమిటంటే, నా కారు మరీ ఎత్తుగా ఉంది. టైరుకీ పైన మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్ళు నిలువునా దూరే సందు. మా కార్ల గ్రూపులో ఒకడు దాన్ని చూసి, "పంచె పైకెగ్గట్టి వరదలో దిగినవాడిలా ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పట్నుంచీ పార్కు చేసిన ప్రతిసారీ ఆ సందే కనిపిస్తోంది అప్పా, కారు కనిపించడం లేదు.

దించడానికి రెండు దారులు. ఒకటి, లోయరింగ్ స్ప్రింగులు. కంపెనీ స్ప్రింగులు తీసేసి వాటికంటే పొట్టివి, గట్టివి వేస్తారు. షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంటాయి. కారు ఎంత దిగాలో అంత దిగి అక్కడే ఉండిపోతుంది. రెండోది, కాయిలోవర్లు. స్ప్రింగూ షాకూ కలిపి ఒకే సెట్టు. దాని ఒంటి నిండా మరలుంటాయి, ఆ మరల మీద ఒక కాలరు ఉంటుంది. పానా పెట్టి ఇటు తిప్పితే కారు దిగుతుంది, అటు తిప్పితే లేస్తుంది. మెత్తగా ఉండాలా గట్టిగా ఉండాలా అన్నది కూడా ఒక బుడిపె తిప్పి మార్చుకోవచ్చు.

బడా బజార్ వెనక షెడ్డు నరసన్న అయితే, "రోడ్డు మీద తిరిగే బండికి స్ప్రింగులు సాలు బాబూ. కాయిలోవర్లు రేసులోళ్ళకి. నువ్వు ఆపీసుకెల్లడానికి అయ్యెందుకు?" అంటున్నాడు. గ్రూపు వాళ్ళు మాత్రం కాయిలోవర్లే అంటున్నారు. ఆగస్టు పదిహేనున గోపాల్‌పూర్ బీచి దగ్గర పెద్ద మీట్ ఉంది. ఊళ్ళో ఉన్న దించిన కార్లన్నీ వరసగా నిలబెడతారు. అప్పటికి నాదీ అక్కడుండాలి.

కారు రంగు నువ్వే ఎంచావు. ఇది కూడా నువ్వే తేల్చు.

నీ తీర్పు కోసం గుమ్మంలో నిలబడ్డ
లోకనాథ్


పొలసర
మార్చి

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. మొత్తం ఓపిగ్గా విని, "అంటే నడుస్తున్న కారుని నడవకుండా చెయ్యడానికి రెండు పద్ధతులున్నాయంటాడు, అంతేనా?" అన్నారు. వ్యవసాయశాఖ ఆఫీసరుకి ట్రాక్టరు తప్ప ఏ బండీ కంటికి ఆనదులే, పట్టించుకోకు.

నేను కొన్ని అడుగుతాను, జవాబు రాయి. ఒకసారి దించిన కారు అవసరమైతే మళ్ళీ లేస్తుందా? వెనక సీటులో కూర్చున్న మనిషికి గతుకు ఎంత తెలుస్తుంది? దిండు వేసుకుంటే ఆగుతుందా? అస్కా దాటాక మా వైపు రోడ్డు మీద ఎన్ని బ్రేకర్లున్నాయో నువ్వెప్పుడైనా చూశావా? ప్రతి బడికీ ఒకటి, ప్రతి గుడికీ ఒకటి, ప్రతి నాయకుడి ఇంటికీ ఒకటి.

ఇవన్నీ దీనికెందుకురా బాబూ అనుకుంటున్నావు కదూ. నువ్వు మేనమామవి కాబోతున్నావురా! సెప్టెంబరు ఆఖరున అంటోంది డాక్టరు. అమ్మకి ఫోన్‌లో చెప్పాను, నీకు మాత్రం నేనే రాస్తానని ఒట్టు వేయించుకున్నాను. పాపం రెండు రోజులుగా నోరు నొక్కుకుని తిరుగుతూ ఉండి ఉంటుంది.

తొలికాన్పు పుట్టింట్లోనే కదా. తొమ్మిదో నెలలో నన్ను తీసుకెళ్ళడానికి నాన్న ఉంటే నాన్న వచ్చేవారు. ఇప్పుడు నువ్వే రావాలి, నీ కారులోనే రావాలి. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. మా అత్తయ్య కూర్మమ్మగారు నోరు పెద్దదే గానీ చెయ్యి కూడా పెద్దదే, కంచంలో కూర సగానికి తక్కువ వెయ్యరు. అయినా ఆ రోజులు వచ్చేసరికి నాకు అమ్మ పక్కన పడుకోవాలని ఉంది. ఇది రాయడానికి నాకు సిగ్గేమీ లేదు.

కాబట్టి తీర్పు విను. దించాలని అంత తపనగా ఉంటే కాయిలోవర్లు వేయించుకో, నేను వెళ్ళేటప్పుడు పైకెత్తొచ్చు. లేదంటే ఏదీ వద్దు. స్ప్రింగులు మాత్రం వద్దే వద్దు.

కాబోయే తల్లి, కాబట్టి ఇంక ఎదురు చెప్పడానికి వీల్లేని
హరిచందన


అంకులి, బరంపురం
ఏప్రిల్

అప్పా అప్పా అప్పా!

మేనమామని! ఆఫీసులో లంచ్ బాక్సు మూత తియ్యబోతూ నీ ఉత్తరం విప్పాను. చదవగానే అరిచాను. మా బీమా ఆఫీసులో అందరూ లేచి నిలబడ్డారు. విషయం చెప్తే మేనేజరు గారు ఒడియాలో "హఉ హఉ, మంచిది, మరి మిఠాయి ఏదీ?" అన్నారు. అందరికీ రసగుల్లాలు తెప్పించాను.

అమ్మయితే ఇప్పట్నుంచే పాత మెత్తటి చీరలు చింపి ఉతికి మడత పెడుతోంది. నీ గదిలో ఉన్న నా హెల్మెట్లూ, టైర్లూ, పానాల పెట్టె అన్నీ వసారాలోకి గెంటేసింది. "అది వచ్చేదాకా ఈ గదిలో నీ నీడ కూడా పడకూడదు" అంది.

స్ప్రింగుల విషయం నీ మాట మీదే ఉంచాను. ఇంకా ఆలోచిస్తున్నాను. నిన్న ఆఫీసు నుంచి వస్తుంటే పాత బస్టాండు దగ్గర బ్రేకరు మీద కారు పొట్ట కాస్త రాసుకుంది, ఏమీ కాలేదు. అమ్మ నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించింది కదా, ఏ దిష్టీ తగలదు.

నువ్వు వేళకి తిను. బరువులెత్తకు. బావని ఎత్తమను.

కాబోయే మేనమామ
లోకనాథ్


పొలసర
ఏప్రిల్

లోకనాథ్ గారికి,

ఆలోచిస్తున్నానన్నారు. సంతోషం. ఆలోచిస్తున్న కారుకి పొట్ట ఎలా రాసుకుంది? ఇన్నాళ్ళూ అదే బ్రేకరు, అదే కారు, ఎన్నడూ రాసుకోలేదే? బండికి కొత్తదేదో వేయించకుండానే అమ్మ నిమ్మకాయలు తొక్కించిందా?

నా దగ్గరా నీ దొంగవేషాలు? నీకు పలక మీద అక్షరాలు దిద్దించిందాన్ని నేను. వేయించేశావు, స్ప్రింగులే వేయించేశావు, నా ఉత్తరం అందేలోపే వేయించేశావు. తీర్పు అడిగి, తీర్పు వచ్చేదాకా ఆగలేకపోయావా?

సరే, అయ్యిందేదో అయ్యింది. పాత కంపెనీ స్ప్రింగులు భద్రంగా అటక మీద ఉన్నాయి కదా? అవసరానికి మళ్ళీ బిగించుకోవచ్చు. ఉన్నాయి అని ఒక్క ముక్క రాయి, నిన్ను క్షమిస్తాను.

అప్ప


అంకులి, బరంపురం
ఏప్రిల్

అప్పా,

లేవు.

నరసన్న దగ్గర సరిగ్గా నా కారుకి సరిపోయే సెట్టు వచ్చింది. మర్నాడు వేరేవాడు పట్టుకుపోతాడన్నాడు. చెయ్యి ఆగలేదు. పాతవాటిని షెడ్డు ముందు వెళ్తున్న పాత ఇనుపసామాన్ల రిక్షావాడికి ఇచ్చేశాను. మళ్ళీ వాటి మొహం చూడనని కాస్త హుషారులో అన్నాను కూడా.

కానీ నిజంగా భయం లేదు. చదునైన చోట కారు నిలబెట్టి, కింద ఇటుకని పక్కకి నిలబెట్టి జరిపి చూశాను. ఎక్కడా తగలకుండా ఈ పక్క నుంచి ఆ పక్కకి వచ్చేసింది. మన వీధిలో రెండుసార్లు తిప్పాను. నేనొక్కడినే కూర్చుని నడిపితే ఎంత బాగా మలుపు తిరుగుతోందో! ఇప్పుడు సందులో రెండు వేళ్ళు కూడా దూరడం లేదు. ఒక్కసారి చూస్తే నువ్వే మెచ్చుకుంటావు.

సీమంతానికి అమ్మనీ, సారెనీ ఈ కారులోనే తీసుకొస్తాను. నీ కళ్ళతో నువ్వే చూద్దువు గాని.

లోకనాథ్


పొలసర
జూలై

తమ్ముడూ,

చూశాను. నేనే కాదు, మా వీధి వీధంతా చూసింది.

ఏడో నెల సీమంతం, పుట్టింటివాళ్ళు చలిమిడి తెస్తారు, పీటల మీద కూర్చోబెట్టి పెడతారు అని నేను గాజులు తొడిగించుకుని అరుగు మీద ఎదురు చూస్తున్నాను. వీధి మొదట్లో ఉన్న బ్రేకరు దగ్గర పెద్ద చప్పుడైంది. ఎవరో "గేదె పడిపోయింది" అని అరిచారు. గేదె కాదు, నువ్వు. కారు పొట్ట బ్రేకరు మీద ఆనుకుని అటూ కదలదు, ఇటూ కదలదు. ఆ తరవాత ఒక్కొక్కరూ దిగడం మొదలుపెట్టారు. అమ్మ దిగింది, చిన్న పిన్ని దిగింది, పెద్ద పిన్ని దిగింది. చలిమిడి బిందె దిగింది, లడ్డూల గంపలు, కాజాల గంప, అరటిగెల, కొబ్బరికాయల బస్తా దిగాయి. ఇన్ని ఎక్కించావురా దాంట్లోకి? ఇటుకతో కొలిచిన రోజున చలిమిడి బిందెనీ, ఇద్దరు పిన్నుల్నీ ఎక్కించుకుని కొలవాలని తోచలేదా? ఖాళీ కారుని కొలిచి సారెకి సిద్ధమయ్యేవాడు మన ఇళ్ళల్లో నువ్వొక్కడివే ఉంటావు.

నవ్వొచ్చింది, అబద్ధం చెప్పను. పట్టుచీరల్లో పిన్నులు గంపలు నెత్తిన పెట్టుకుని నడిచొస్తుంటే, సాయానికి వచ్చిన ప్రతివాడికీ అమ్మ దారిలోనే లడ్డూ చేతిలో పెడుతుంటే, సారె పంచడం ఇంటికి చేరకుండానే సగం అయిపోయింది. బావ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయనా ఇంకో నలుగురూ వచ్చి కారు ఎత్తితే గానీ నువ్వు కదల్లేదు.

తరవాత నవ్వు పోయింది. మీరు బయలుదేరేటప్పుడు అత్తయ్య గుమ్మంలో నిలబడి అన్న మాట నువ్వూ విన్నావు. "ఏటి బాబూ, నీ బండికి కాళ్ళిరిగినాయా? తొమ్మిదో నెల పిల్లని దీన్లో ఎక్కించీసి గతుకుల్లో కుదిపీస్తావేటి? నేనొల్ల. నా కోడలు ఈ గడప దాటదు. పురుడు ఇక్కడే పోసుకుంటాం." బాడుగ కారు తెస్తామని అమ్మ అంటే, "పుట్టింటోడి బండి కాకండా బాడుగ బండెందుకమ్మా, మా అబ్బాయికి దొరకదా బాడుగ బండి?" అని ఆ దారీ మూసేశారు.

మీరు వెళ్ళాక గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. బావ ఎంత చెప్పినా ఆవిడ వినడం లేదు. ఎంత సర్దుకున్నా నాకు ఇక్కడ కనాలని లేదు. అమ్మ చింపి మడతపెట్టిన ఆ చీరలే గుర్తొస్తున్నాయి. ఏం చేస్తావో నాకు తెలీదు. ఏదో ఒకటి చెయ్యి.

హరిచందన


అంకులి, బరంపురం
జూలై

అప్పా,

నీ ఉత్తరం అమ్మకి చూపించలేదు. తను అప్పటికే ఏడుస్తోంది.

నువ్వు చూడనిది నేను చెప్తాను. దారిలో మొదట వచ్చే హింజిలిలోనే కారు మొదటిసారి కింద రాసుకుంది. అమ్మకి వినబడకూడదని పాటల సౌండు పెంచాను. అస్కా దాటేసరికి పాటలు చెవులు పగిలేలా మోగుతున్నాయి. చిన్న పిన్ని "ఏట్రా లోకీ, బండిలో పెళ్ళి బేండు ఎట్టినావా?" అంది. ప్రతి బ్రేకరు దగ్గరా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాను, నా పొట్ట లాక్కుంటే కారు పొట్ట లేస్తుందన్నట్టు.

అత్తయ్య మాటకి నాకు రోషం వచ్చింది. నిజం. ఇంటికొచ్చి రెండు రోజులు కారు తాళం ముట్టుకోలేదు. ఇంక ఆ గుమ్మం తొక్కను అని కూడా అనుకున్నాను. మూడో రోజు నీ ఉత్తరం వచ్చింది.

కాయిలోవర్లు తెప్పిస్తున్నాను. స్ప్రింగుల్ని గ్రూపులో ఒకడికి ఇచ్చేశాను, వాడికి అక్కచెల్లెళ్ళు లేరు, సారె మొయ్యక్కర్లేదు. నరసన్న వద్దంటూనే ఉన్నాడు. "మా సెల్లికే అయితే కంపినీ స్ప్రింగులే ఏసేత్తును. ఈటికి దుమ్ము పడదు, సముద్రపు గాలికి మరలు తుప్పట్టేత్తాయి. ఏడాదికోసారి ఇప్పి తుడుసుకోవాల" అన్నాడు. తుడుచుకుంటాను. నా కారు నిన్నూ మొయ్యాలి, గోపాల్‌పూర్‌లో వరసలోనూ నిలబడాలి. రెండూ కావాలంటే ఇదొక్కటే దారి.

అత్తయ్యని ఇంకొక్క అవకాశం అడుగు. నా కోసం కాదు, అమ్మ కోసం అడుగు.

లోకనాథ్


పొలసర
ఆగస్టు

తమ్ముడూ,

అడిగాను. భోజనాల తరవాత, కాళ్ళు పడుతూ అడిగాను, ఆ సమయంలో ఆవిడ మనసు కాస్త మెత్తగా ఉంటుంది.

కాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. తరవాత, "మళ్ళీ వస్తానన్నాడా?" అన్నారు. అన్నాడండీ అన్నాను. "సరే. నువ్వు కాదు, ముందు నేనెక్కుతాను. ఇత్తడి సెంబు నిండా నీళ్ళోసుకుని ఒళ్ళో ఎట్టుకుని కూకుంటాను. నా సీర తడిసిందా, ఇంక ఈ మాట ఎత్తకూడదు" అన్నారు. నిండుగా పోస్తే మన ఇంటి అరుగు మీద కూర్చున్నా ఒలుకుతాయమ్మా అని బావ వాదించి, చెంబు మెడదాకా మాత్రమే పోసేలా ఒప్పించారు. ఈయన ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చే పని చేశారు.

ఆగస్టు పదిహేను మంచి రోజట, ఆఫీసులకి సెలవు కూడా. పొద్దున్నే రమ్మన్నారు. రోజు మార్చే ప్రసక్తి లేదు.

అప్ప


అంకులి, బరంపురం
ఆగస్టు

అప్పా,

ఆగస్టు పదిహేనా? గోపాల్‌పూర్ మీట్ ఆ రోజే కదా! మొదటి ఉత్తరంలోనే రాశాను. మార్చి నుంచీ నేను దీనికోసమే కదా... ఒక్కసారి అత్తయ్యని పదహారుకి

పై వాక్యం కొట్టేశాననుకో. వస్తున్నాను.

లోకనాథ్


అంకులి, బరంపురం
ఆగస్టు

అప్పా,

మేము బయలుదేరాక ఏం జరిగిందో నీకు అత్తయ్య ఎంతవరకు చెప్పారో తెలీదు. పూర్తిగా నేను రాస్తాను.

కాయిలోవర్లు వేయించాక ఈసారి ఖాళీ కారుని కొలవలేదు. వెనక రెండు బియ్యం బస్తాలు, ముందు అమ్మ, డిక్కీలో పిండిరుబ్బే రాయి పెట్టి కొలిచాను. కాలర్లు నాలుగూ పైదాకా తిప్పించి, బుడిపెలన్నీ మెత్తదనం వైపు పెట్టించాను. కారు మొదట్లో ఉన్నంత ఎత్తు లేచింది. మళ్ళీ అదే నాలుగు వేళ్ళ సందు. "దీనికోసరమా ఇంత తిరిగినావు?" అని నరసన్న నవ్వి నవ్వి దగ్గాడు.

అత్తయ్య వెనక సీటులో చెంబు ఒళ్ళో పెట్టుకుని దేవుడి ఊరేగింపులో కూర్చున్నట్టు కూర్చున్నారు కదా. మీ వీధి బ్రేకరు దాటాను. అద్దంలో చూశాను. నీళ్ళు ఊగాయి, ఒలకలేదు. బజారు దాకా అన్నది ఒప్పందం. బజారు వచ్చింది, కారు తిప్పబోయాను. "ఇక్కడంతా సాపుగానే ఉంది, ఇంకాస్త పోనీ" అన్నారు. కవిసూర్యనగర్ వచ్చింది. "పోనీ." అస్కా వచ్చింది. ఋషికుల్య వంతెన మీద ఆపమని, వరద నీటిని కిటికీలోంచి చాలాసేపు చూశారు. ఇంక వెనక్కి వెళ్దామా అత్తయ్యా అంటే, "ఏం, నీకు పనుందేటి?" అన్నారు. గోపాల్‌పూర్ మీట్ సంగతి నా నోరు జారింది. దించిన కార్ల వరస గురించి మొత్తం చెప్పాను. విని, "అయితే నీ కోసం ఆలంతా అక్కడ సూస్తన్నారా?" అన్నారు. చూడరులెండి అత్తయ్యా, ఎత్తు కారుని రానివ్వరు అన్నాను.

హింజిలి దాటాక అద్దంలో చూస్తే చెంబు ఎత్తి గటగటా తాగేస్తున్నారు! అత్తయ్యా, అది పరీక్ష నీళ్ళు కదా అని నేను గోల పెట్టాను. "దాహమేసింది. ఇంతదూరం ఒలకనియ్యి ఇంకేటొలుకుతాయి?" అన్నారు.

అలా ఇంటిదాకా వచ్చేశాం. వాకిట్లో ఆవిణ్ణి చూసి అమ్మ చేతిలోని గరిటె వదిలేసింది. అత్తయ్య ఇల్లంతా తిరిగారు. నీ గది చూశారు. మంచం మీద కాసేపు పడుకుని, తల అటు కాదు ఇటు పెట్టాలని మంచం తిప్పించారు. ఉతికి పెట్టిన చీర ముక్కల్ని చేత్తో తడిమి చూశారు. అమ్మ వడ్డిస్తే రెండుసార్లు పప్పు వేయించుకున్నారు. సాయంత్రం మళ్ళీ పొలసరలో దింపాను. దిగేటప్పుడు కూడా అవునని గానీ, కాదని గానీ అనలేదు.

నేను నెగ్గానా, లేదా? అమ్మ గంటకోసారి ఫోన్ తీసి చూసుకుంటోంది. త్వరగా రాయి.

లోకనాథ్


పొలసర
ఆగస్టు ఆఖరు

తమ్ముడూ,

నెగ్గావు. ఫోన్‌లో చెప్పేద్దును, కానీ ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు.

నువ్వు దింపి వెళ్ళాక అత్తయ్య కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోమన్నారు. బండి ఎలా ఉందండీ అని అడిగాను. "బండి సంగతి నాకేటి తెల్సమ్మా" అన్నారు. తరవాత ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నా తొలికాన్పుకి మా అన్న చికిటి అవతల మా పల్లె నించి డొక్కు జీపు బాడుక్కి కట్టించుకుని వచ్చినాడు. దారంతా ఆగి ఆగి వచ్చిందంట. ఇలాటి బండిలో పంపనని మా మామగారు గుమ్మంలోనించే తిప్పి పంపించీసినారు. మంచి బండి తెచ్చుకుని మళ్ళీ వస్తాడనుకున్నాను. పెట్టె సర్దీసుకుని ఇదే అరుగు మీద కూకున్నాను. రోజూ కూకునేదాన్ని. రానేదు. మాట పడ్డాడు కదా, రోసమొచ్చింది. మీ ఆయన ఈ ఇంట్లోనే పుట్టినాడు. మాయమ్మ నా కాడ నేదు. నీ తమ్ముడు సారెట్టుకొచ్చిన రోజున మా మామగారన్న మాటే నా నోట్లోంచి వచ్చీసింది. ఎందుకన్నానో నాకే తెల్దు. అనీసినాక అనుకున్నాను, ఇంక ఈడూ రాడు అని. మళ్ళీ వచ్చినాడమ్మా. ఆడి సంబరం ఒగ్గీసుకుని మరీ వచ్చినాడు."

ఇంతవరకు చెప్పి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చేశాను. టీ కోసం వచ్చిన మీ బావ మా ఇద్దర్నీ చూసి చప్పుడు చెయ్యకుండా వెనక్కి పోయారు.

"ఎల్లు తల్లీ, అమ్మ కాడికి ఎల్లు. గురువారం మంచిది" అన్నారు. నా పెట్టె ఆవిడే సర్దారు. అన్నీ సర్దాక ఖాళీ అయిన నా అలమర తలుపు పట్టుకుని నిలబడి, "గురువారం నించి ఎవుల్తో తగువాడాల?" అన్నారు. నేను నవ్వాను గానీ, వదిలి రావడం ఇంత కష్టంగా ఉంటుందనుకోలేదురా.

గురువారం రా.

హరిచందన


అంకులి, బరంపురం
సెప్టెంబరు

అత్తయ్యగారికి లోకనాథ్ నమస్కరించి రాయునది. అప్ప దీన్ని మీకు చదివి వినిపిస్తుంది. ఇది అప్పకి రాసింది కాదు, మీకే.

గురువారం పొద్దున్నే వస్తున్నాను. కాలర్లు పైనే ఉన్నాయి. వెనక సీటులో ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చునేలా ముందు సీటు జరిపి చూసుకున్నాను. అప్పని పురుటికి తీసుకురావడానికి వస్తున్నాను. మిమ్మల్ని కూడా తీసుకురావడానికే వస్తున్నాను. బిడ్డ పుట్టి పదకొండో రోజు అయ్యేదాకా మీరు మా ఇంట్లో ఉండాలి. మీ మంచం అప్ప మంచం పక్కనే వేయించింది అమ్మ. తల ఎటు పెట్టాలో మీరు చెప్పినట్టే వేయించింది. బావ కొన్నాళ్ళు వంట నేర్చుకుంటారు, ఆయనకీ మంచిదే.

ఒకవేళ బండి మీకు నచ్చకపోతే తిప్పి పంపించెయ్యండి అత్తయ్యా. ఇంకో బండి తెచ్చుకుని మళ్ళీ వస్తాను. అదీ నచ్చకపోతే మళ్ళీ వస్తాను.

మీరు మాత్రం పెట్టె సర్దుకుని అరుగు మీద కూర్చోండి.

లోకనాథ్